కోళ్ళలో నట్టలు, పేలు, నల్లులు: ఆకుమందు ఎంతవరకు?

ఈసారి వచ్చిన ప్రశ్నలన్నీ దాదాపు ఒకటే అడుగుతున్నాయి: "ఏ ఆకు వెయ్యాలి?" ఆకు పేరుకంటే ముందు పురుగు పేరు తెలియాలి. అందుకే కొన్ని జవాబులు ఆకు దగ్గర కాకుండా రెట్ట దగ్గర మొదలవుతాయి.

ప్రశ్న: పాతిక పెరటి కోళ్ళున్నాయి. రెట్టలో తెల్లటి పురుగులు పడుతున్నాయి. వేపాకు నూరి ఆ రసం తాగే నీళ్ళలో కలిపి మూడు రోజులు పెట్టాను. పురుగులు ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. వేప పనిచెయ్యదా, మోతాదు తప్పిందా?

జవాబు: మోతాదు సంగతి తర్వాత. ఆ నీళ్ళు కోళ్ళు తాగాయో లేదో ముందు చూడాలి. చేదు నీళ్ళు పెడితే కోడి చేసే మొదటి పని తాగడం తగ్గించడం. మందు కడుపులోకి వెళ్ళదు, పైగా ఎండ రోజుల్లో దాహంతో గుడ్లు పడిపోతాయి. రుచి ఉన్న ఏ మందునైనా నీళ్ళలో కాకుండా దాణాలో ఇవ్వడమే మేలు.

ఇక "తెల్లటి పురుగు" అన్నారు. అది నాలుగు రకాల్లో ఏదైనా కావచ్చు. పెన్సిల్ ములుకంత లావుగా, రెండు కొనలూ సన్నబడి, 5 నుంచి 11 సెంటీమీటర్ల పొడవుంటే అది ఏలికపాము, అంటే అస్కారిడియా. చిన్నపేగులో ఉంటుంది. ఒకటి, ఒకటిన్నర సెంటీమీటర్ల దారపు ముక్కలా ఉంటే గుడ్డిపేగుల్లో ఉండే హెటరాకిస్. ఇది కోడికి చేసే చెరుపు తక్కువే కానీ, దాని గుడ్లలో హిస్టోమోనాస్ అనే మరో పరాన్నజీవిని మోసుకుపోతుంది. కోళ్ళతో కలిపి టర్కీలను పెంచితే అవి చచ్చేది దానివల్లే. బల్లపరుపుగా, బియ్యపు గింజలా ఉండి కదులుతుంటే బద్దెపురుగు తెగిపడిన కణుపు. నాలుగోది అసలు పురుగే కాకపోవచ్చు: నిన్నటి రెట్టలో ఈగ పెట్టిన గుడ్లు ఇవాళ్టికి పొదిగి తెల్ల పిల్లలవుతాయి. తెల్లవారగానే పడిన రెట్ట, ఇంకా తడి ఆరనిది, అదొక్కటే చూడండి.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే కాపిల్లేరియా అనే పురుగు వెంట్రుకంత సన్నగా ఉండి కంటికి అందదు. కోడి చిక్కిపోతున్నా రెట్టలో ఏమీ కనిపించలేదంటే దాన్ని అనుమానించాలి.

మీది ఏలికపామే అనుకుందాం. రెట్టతో బయటపడ్డ గుడ్డు వెచ్చటి తడి నేలలో 10–20 రోజుల్లో ముదిరి అంటించే దశకు వస్తుంది. కోడి దాన్ని ఏరుకుని తిన్నాక 5 నుంచి 8 వారాలకు పెద్ద పురుగై మళ్ళీ గుడ్లు పెడుతుంది. మధ్యలో కొంతకాలం పిల్ల పురుగు పేగు పొరలో దూరి ఉంటుంది. ఆకుమందులు చాలావరకు పేగు గొట్టంలో ఉన్న పెద్ద పురుగును కదిలించగలవేమో కానీ పొరలో దాక్కున్నదాన్ని చేరలేవు. మందు పెట్టిన నెలకు మళ్ళీ పురుగులు పడటానికి సగం కారణం ఇదైతే, మిగతా సగం నేలలో నెలల తరబడి బతికి ఉండే గుడ్లు.

మొక్కల్లో ఏలికపాముల మీద కాస్త ఆధారం ఉన్నవి మోదుగ గింజ, బొప్పాయి. మోదుగ గింజలోని పలాసోనిన్‌ను నేరుగా అస్కారిడియా మీదే పరీక్షించారు, అది పురుగును కుంగదీస్తుంది. కానీ మోతాదు మించితే మందు తిన్న ప్రాణినే దెబ్బతీస్తుంది కాబట్టి, తూకం తెలిసిన వైద్యుడు పక్కన లేకుండా మోదుగ జోలికి పోవద్దు. బొప్పాయి పాలలోని పపైన్ పురుగు పైచర్మాన్ని కరిగిస్తుంది. అయితే పచ్చికాయ పాలు చేతిమీద పడితే మంట, నోట్లో పడితే పుండు. ఇంట్లో వాడదగ్గది పండిన కాయ గింజే.

గింజల మీది జిగురు పొర పోయేలా కడిగి, నీడలో 4–5 రోజులు ఆరబెట్టి, పొడి చెయ్యండి. కిలో బరువుకు 1 గ్రాము చొప్పున, రెండు కిలోల పెట్టకు 2 గ్రాములతో మొదలుపెట్టండి. పాతిక కోళ్ళకు 50 గ్రాములు. రోజుకు ఒక్కో కోడి 110 గ్రాముల దాణా తింటుందనుకుంటే మొత్తం 2.75 కిలోలు. అందులో పావు వంతు, అంటే 700 గ్రాములు మాత్రమే మందుకు తీసి పెట్టుకోండి. పొడిని ముందు 100 గ్రాముల దాణాలో, తర్వాత మిగతా 600 గ్రాముల్లో కలపండి. ఒకేసారి కలిపితే పొడి ఒక మూలే ఉండిపోతుంది. పొడి గింజకు అంటుకునేంత నీళ్ళు మాత్రం చిలకరించండి, ముద్ద కాకూడదు. తెల్లవారగానే, వేరే ఏ మేతా తినకముందే, మూడు నాలుగు తొట్లలో పెట్టండి. ఒక్క తొట్టైతే బలమైన కోళ్ళు రెండింతలు తిని, అసలు మందు కావలసిన బక్కకోడి దూరంగా నిలబడుతుంది. గంటలో మిగిలింది తీసెయ్యండి. వరసగా మూడు రోజులు ఇచ్చి, రెండు వారాలాగి మళ్ళీ మూడు రోజులు. గుడ్లు పొదిగించడానికి ఉంచిన పుంజులకు మాత్రం వద్దు: బొప్పాయి గింజ మగ జంతువుల్లో వీర్యకణాలను తగ్గిస్తుందని ఎలుకల మీదా కుందేళ్ళ మీదా చేసిన ప్రయోగాల్లో తేలింది.

వెల్లుల్లి సంగతి చాలామంది అడుగుతారు. దంచి పది నిమిషాలు ఉంచితే అల్లిసిన్ పుడుతుంది, వేడి తగిలితే పుట్టదు, ఇంతవరకు నిజం. కానీ ఆ అల్లిసిన్‌ను కోళ్ళ ఏలికపాముల మీద పెట్టి చూసి 2011లో ప్రచురించిన పరిశోధనలో అది పురుగుల్ని తగ్గించలేకపోయింది. ఆకలికి పనికొస్తే రావచ్చు, నట్టల మందు అని మాత్రం అనలేం.

ఒక హద్దు గుర్తుంచుకోండి. రొమ్ము ఎముక కత్తి అంచులా చేతికి తగులుతోందా, తలమీది జుట్టు పాలిపోయిందా, పిల్లలు రెక్కలు వేలాడేసి నిలబడుతున్నాయా, అయితే ఆకులతో ప్రయోగాలకు అది సమయం కాదు. ఆల్బెండజోల్ కిలో బరువుకు 10 మిల్లీగ్రాములు. మిల్లీలీటరుకు 25 మిల్లీగ్రాములుండే ద్రావణమైతే రెండు కిలోల కోడికి 0.8 మిల్లీలీటరు. పశువైద్యుణ్ణి అడిగి ఇవ్వండి. పెద్ద పురుగులు గుట్టగా ఉన్నప్పుడు అన్నీ ఒక్కసారి చస్తే పేగు పూడుకుపోయే ప్రమాదం కూడా ఉంటుంది.

ప్రశ్న: మందు పెట్టాక పురుగులు పడ్డాయంటే పనిచేసినట్టే కదా?

జవాబు: కాదు. ఏ విరేచనకారి పెట్టినా నాలుగు పురుగులు పడతాయి. లోపల నలభై ఉండిపోయిన సంగతి బయటికి కనిపించదు. ఏమీ పెట్టకపోయినా కొన్ని పడుతూనే ఉంటాయి. లెక్క రెట్టలోని పురుగు గుడ్లది.

మందుకు ముందు రోజు ఉదయం ఇరవై తాజా రెట్టల నుంచి చిటికెడు చొప్పున తీసి ఒక్కటిగా కలపండి. నేలకు ఆనిన భాగం తియ్యవద్దు. మూతపెట్టి చల్లగా ఉంచి, ఆ రోజే పశువైద్య ప్రయోగశాలకు చేర్చండి. అక్కడ చేసేది ఇదీ: 3 గ్రాముల రెట్టను 42 మిల్లీలీటర్ల చిక్కటి ఉప్పునీటిలో కలిపి, వడకట్టి, గడులు గీసిన మెక్‌మాస్టర్ గాజుపలకలోకి పోస్తారు. గుడ్లు ఉప్పునీటిలో తేలతాయి. రెండు గదుల్లో కలిపి లెక్కపెట్టిన గుడ్లను 50తో హెచ్చిస్తే గ్రాము రెట్టలో ఎన్నో వస్తుంది. ఉప్పు ఇక కరగదు అనేదాకా కలపకపోతే నీరు పలచనై గుడ్లు అడుక్కి పోతాయి, అప్పుడు సున్నా వచ్చినా సంతోషించకండి.

మళ్ళీ 10–14 రోజులకు అదే వేళకు, అదే పద్ధతిలో రెండో లెక్క. 600 ఉన్నది 60 అయితే మందు పనిచేసింది. 600 ఉన్నది 400 అయితే ఆ తేడా మందు వల్లో, ఆ రోజు రెట్ట పలచన కావడం వల్లో చెప్పలేం. అనుమానం తీరాలంటే మందలో కొన్నింటిని వేరే గదిలో మందు పెట్టకుండా ఉంచి, వాటి రెట్టనూ లెక్కించాలి. మొక్కల మందుల గురించిన కబుర్లలో ఎప్పుడూ ఎగిరిపోయేది ఈ రెండో గదే.

సూక్ష్మదర్శిని అందుబాటులో లేదా? మందలో ఒకటి చచ్చినా, కోసినా పేగు పారెయ్యకండి. కందనకాయ దగ్గర నుంచి కత్తెరతో నిలువునా చీల్చి, నల్లటి పళ్ళెంలో నీళ్ళు పోసి అందులో పరచి మెల్లగా కదపండి. ఏలికపాములు తేలి వస్తాయి. పేగు పొరకు అంటుకుని నీటిలో గడ్డిలా ఊగేవి బద్దెపురుగులు. ఆ పొరను చెంచా అంచుతో గీకి మరోసారి నీళ్ళలో కడిగితే, నల్లని అడుగుమీద వెంట్రుకలు కదిలినట్టు కాపిల్లేరియా కనిపిస్తుంది.

ప్రశ్న: రెట్ట చుట్టూ బియ్యపు గింజల్లాంటివి కదులుతున్నాయి. గుమ్మడి గింజలు, వక్కపొడి రెండూ కలిపి పెట్టమన్నారు. పెట్టొచ్చా?

జవాబు: గుమ్మడి గింజ పెట్టండి, వక్క వద్దు.

అవి బద్దెపురుగు కణుపులు. కోళ్ళలో ఎక్కువగా కనిపించేవి రైలెటినా జాతివి. గుమ్మడి పప్పులోని కుకుర్బిటిన్ పురుగును చంపదు, పట్టు సడలిస్తుంది. వక్కలోని అరెకోలిన్ కూడా అలాగే మత్తెక్కించి పేగును గట్టిగా కదిలిస్తుంది. ఒకప్పుడు కుక్కల బద్దెపురుగులకు దాన్ని మందుగానే వాడారు. కానీ పనిచేసే మోతాదుకూ ప్రాణం తీసే మోతాదుకూ మధ్య ఉన్న సందు చాలా ఇరుకు, ఏ వక్కలో ఎంత అరెకోలిన్ ఉందో చూసి చెప్పలేం. కోడి నోటి నుంచి చొంగ కార్చి, పల్చగా విరేచనాలు పెట్టుకుని, ఊపిరాడక పడిపోతే చెయ్యగలిగింది పెద్దగా ఉండదు.

గుమ్మడి గింజల్ని వేయించకుండా, పెచ్చు తీసి, పెట్టిన రోజే నూరండి. పెద్ద కోడికి 5 గ్రాముల ముద్ద, తెల్లవారి మొదటి మేతలో, మూడు రోజులు. నూరి నిలవ ఉంచితే నూనె చెడి, కోళ్ళు ముట్టవు.

ఇక్కడ ఓపిక కావాలి. కణుపులు ఆగిపోగానే పురుగు పోయిందనుకోకండి. తల పేగును పట్టుకుని ఉంటే రెండు మూడు వారాల్లో మళ్ళీ కణుపులు మొదలవుతాయి. మూడో వారం చివర రెట్ట చూడండి. మళ్ళీ కనిపిస్తే ప్రాజిక్వాంటెల్ అనే నట్టల మందే దారి, దీనికి ఇంటి మందు లేదు. ఇంకో మాట: బద్దెపురుగు కోడి నుంచి కోడికి నేరుగా అంటదు. చీమ, పేడపురుగు, ఈగ దాని గుడ్లను తిని, ఆ చీమనూ ఈగనూ కోడి తినాలి. మరో రకం నత్తల ద్వారా వస్తుంది. తొట్ల కింద చీమల పుట్ట అలాగే ఉంచి పైన గుమ్మడి గింజలు పెడుతూ పోతే, ఏడాదంతా నూరుతూనే ఉంటారు.

ప్రశ్న: పగలు కోళ్ళు బాగానే ఉంటాయి. రాత్రి గూట్లోకి వెళ్ళనంటున్నాయి, గుడ్లు తగ్గాయి, ఈకలు విప్పి చూస్తే ఒక్క పురుగూ లేదు. వేపనూనె కొట్టినా ఫలితం లేదు.

జవాబు: మీరు కోడి మీద వెతుకుతున్నారు, అది కర్రలో ఉంది. ఎర్రనల్లి (డెర్మానిసస్) పగలంతా కోళ్ళు ఎక్కి పడుకునే కర్రల పగుళ్ళలో, అతుకుల్లో దాక్కుని రాత్రి మాత్రమే కోడి మీదికి ఎక్కి రక్తం తాగి దిగిపోతుంది. చీకటి పడ్డ రెండు గంటలకు టార్చి వేసి కర్ర అడుగు భాగం చూడండి. మిరియప్పొడీ ఉప్పూ కలిపి చల్లినట్టుండే బూడిద రంగు మరకలు, వాటి పక్కన మిల్లీమీటరు పురుగులు. తెల్లకాగితంతో కర్రను ఒత్తి తుడిస్తే కాగితం మీద ఎర్ర గీతలు పడతాయి. అదే రుజువు.

వేపనూనె ఎందుకు పని చెయ్యలేదో మీ ఉత్తరంలోనే ఉంది: కోళ్ళ మీద కొట్టారు. రెండో కారణం కలిపే తీరు కావచ్చు. నూనె నీటి మీద తేలిపోతే స్ప్రేయర్‌లో మొదట వచ్చేది నీళ్ళు, చివర వచ్చేది నూనె.

20 మిల్లీలీటర్ల వేపనూనెలో 5 మిల్లీలీటర్ల ద్రవ సబ్బు వేసి, నీళ్ళు లేకుండానే, తెల్లగా చిక్కబడేదాకా గిలకొట్టండి. తర్వాత లీటరు గోరువెచ్చని నీళ్ళను కొంచెం కొంచెంగా పోస్తూ కలపండి. పాలలా మారాలి. పది నిమిషాలు ఉంచినా పైన నూనె చుక్కలు రాకపోతే కుదిరినట్టు. వేపలోని అజాడిరక్టిన్ వేడికీ, ఎండకూ, క్షారానికీ నిలవదు. మరిగే నీళ్ళు పోయకూడదు, సున్నంతోనో బూడిదతోనో కలపకూడదు, రేపటికి దాచకూడదు. గూటికి వెల్ల వెయ్యాలనుంటే వేపనూనె పనంతా అయ్యాక, విడిగా వెయ్యండి.

ఉదయం కోళ్ళను బయటికి వదిలాక కర్రలన్నీ ఊడదీసి, అతుకులు గీకి, గీకిన చెత్తను కాల్చేసి, అప్పుడు పగుళ్ళలోకి కారేలా కొట్టండి. పాతిక కోళ్ళ గూటికి 3–4 లీటర్లు పడుతుంది. సాయంత్రం కోళ్ళు ఎక్కేలోపు ఆరాలి. వెచ్చగా ఉన్నప్పుడు ఎర్రనల్లి గుడ్డు నుంచి పెద్దదయ్యేదాకా వారం, పది రోజులే పడుతుంది. అందుకని 5 రోజులకోసారి, కనీసం నాలుగు సార్లు. రెండుసార్లు కొట్టి ఆపితే మిగిలిన గుడ్లు మళ్ళీ మందను తయారుచేస్తాయి. గూడు ఖాళీగా వదిలేస్తే చస్తాయన్న ఆశ వద్దు, చల్లటి చోట తిండి లేకుండా ఎనిమిది నెలలదాకా ఉండగలవు.

నల్లులు తగ్గుతున్నాయో లేదో తెలియాలంటే లోపల గాడులున్న అట్టముక్కను చుట్టి కర్ర కింద కట్టండి. అవి దాక్కోవడానికి ఆ గాడుల్లోకే వస్తాయి. రెండు రోజులకు విప్పి, తెల్లకాగితం మీద దులిపి చూసి, కాల్చెయ్యండి. ప్రతి వారం కొత్త అట్ట. ఇది పరీక్షా, బోనూ రెండూ.

ప్రశ్న: ముడ్డి దగ్గర ఈకల మొదట్లో తెల్లగా గుత్తులు కట్టి ఉన్నాయి. సీతాఫలం గింజల పొడి చల్లితే చాలంటున్నారు. పొగాకు కషాయం ఇంకా మంచిదట, నిజమేనా?

జవాబు: ఆ గుత్తులు పేల ఈపులు. పంచదార పలుకులు జిగురుతో అంటించినట్టు ఈక కాడ మొదట్లో పేరుకుంటాయి. ఈకలు విడదీయగానే పసుప్పచ్చ పేలు వెలుగు నుంచి పారిపోతూ కనిపిస్తాయి. పేను జీవితమంతా కోడి మీదే గడుపుతుంది కాబట్టి ఇక్కడ మందు వెయ్యాల్సింది కోడికే, గూటికి కాదు.

సీతాఫలం గింజ పేలను నిజంగా చంపుతుంది. ఆకుమందుల్లో మేము ధైర్యంగా చెప్పగలిగిన కొద్దిపాటిలో అదొకటి. కానీ అది కంటికి విషం. తలలో పేలకు వాడుకుని కంట్లో పడి నల్లగుడ్డు పొర దెబ్బతిన్న మనుషుల గురించి కంటి వైద్యులు పదే పదే రాశారు. నూరేటప్పుడు కళ్ళద్దాలు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి. మిక్సీ మూత పొడి సర్దుకోకముందే తీస్తే లేచే పొగ నేరుగా ముఖానికే వస్తుంది. పది నిమిషాలాగి తెరవండి. కంట్లో పడితే పావుగంట ధారగా నీళ్ళు పోసి వైద్యుడి దగ్గరికి వెళ్ళాలి.

ఒక పాలు గింజపొడికి నాలుగు పాళ్ళు జల్లెడ పట్టిన పొడిమట్టి. కోడికి 15–20 గ్రాములు చాలు. ఆరుబయట, గాలి వెళ్ళే వైపుకు కోడి తల రాకుండా తిప్పి పట్టుకుని, తలకిందులుగా వేలాడదీయకుండా ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని, ముడ్డి చుట్టూ, తొడల లోపల, రెక్కల కింద చర్మానికి తగిలేలా రుద్దండి. తల మీద చల్లవద్దు. ఈపులకు ఏ పొడీ ఎక్కదు. అవి నాలుగైదు రోజుల నుంచి వారంలోపు పగులుతాయి. అందుకే 8 రోజులకోసారి మూడు సార్లు. గుత్తులు బాగా కట్టిన ఈకలను కత్తిరించి కాల్చెయ్యడం అన్నిటికంటే చౌక వైద్యం. మందలో ఒక్క కోడిని వదిలినా మొదటికి వస్తుంది.

పొదుగుతున్న పెట్టకు పొడే వాడండి, నూనె వద్దు. పొట్ట ఈకల నూనె గుడ్డు పెంకు రంధ్రాలను మూసేస్తుంది, లోపలి పిల్ల ఊపిరాడక చస్తుంది.

పొగాకు విషయానికొస్తే, నికోటిన్ పేలను చంపుతుంది, కోడినీ చంపుతుంది. చర్మం గుండా ఎక్కుతుంది. గత శతాబ్దంలో నికోటిన్ సల్ఫేట్‌ను గూటి కర్రలకు పూసేవారు. గాలి ఆడని గూళ్ళలో ఆ ఆవిరికి కోళ్ళే రాలిపోయేవి. ఇంట్లో కాచిన కషాయంలో ఎంత బలం ఉందో తెలుసుకునే దారి లేదు కాబట్టి దాన్ని వదిలెయ్యండి.

ప్రశ్న: గూటి గోడ పగుళ్ళలో గోమార్లు. కోడిపిల్లల కాళ్ళు పడిపోతున్నాయి.

జవాబు: గోమారు (ఆర్గస్) కూడా ఎర్రనల్లి లాగే రాత్రి పురుగు, కానీ దానికంటే మొండిది. పెద్దవి తిండి లేకుండా ఏళ్ళు బతుకుతాయి. దాని పిల్లలు మాత్రం రాత్రితో దిగిపోకుండా కొన్ని రోజులు రెక్కల కింద అంటుకునే ఉంటాయి. కాళ్ళు పడిపోవడం వాటి లాలాజలం వల్ల కావచ్చు. జ్వరం, పచ్చటి రెట్ట కూడా ఉంటే గోమార్లు మోసుకొచ్చే స్పైరోకీటోసిస్ కావచ్చు, దానికి యాంటీబయోటిక్ కావాలి, ఆ రోజే. గోడ పగుళ్ళను మట్టితోనో సిమెంటుతోనో పూడ్చడమే మూల వైద్యం. పై చెప్పిన వేపనూనె పాలు పూడ్చేముందు లోపలికి పోస్తే కొంత ఉపయోగం, అంతే.

ప్రశ్న: పుంజు కాళ్ళ పొలుసులు లేచి, సున్నం పూసినట్టు గరుకెక్కాయి. కిరసనాయిలు రాయొచ్చా?

జవాబు: వద్దు, చర్మం కాలుతుంది. అది పొలుసుల కింద తొలిచే నల్లి. గోరువెచ్చని సబ్బునీళ్ళలో కాళ్ళు పది నిమిషాలు నానబెట్టి, మెత్తటి పళ్ళ బ్రష్షుతో ఊడివచ్చినంత మాత్రమే ఊడదీయండి. రక్తం వచ్చేలా గీకకండి. తుడిచి ఆరాక ఒక పాలు వేపనూనె, తొమ్మిది పాళ్ళు ఆముదం కలిపి పొలుసుల సందుల్లోకి ఎక్కేలా పట్టించండి. పనిచేసేది సగం వేప, సగం చిక్కదనం: గాలి ఆడక నల్లి చస్తుంది. మూడు రోజులకోసారి మూడు వారాలు. చెడిన పొలుసులు కొత్తవి వచ్చేదాకా అలాగే ఉంటాయి, చూసి మందు పనిచెయ్యలేదనుకోకండి.

ప్రశ్న: నాలుగు వారాల పిల్లలు రక్తం కలిసిన రెట్ట వేస్తున్నాయి. పసుపు, వేపాకు, మాచిపత్రి కలిపి పెడుతున్నాం. నిన్న ఆరు చనిపోయాయి.

జవాబు: ఆకులు పక్కన పెట్టి ఈ పూటే మందు మొదలుపెట్టండి. ఇది రక్తపారుడు, అంటే కాక్సీడియోసిస్; పురుగుల జబ్బు కాదు. ఐమీరియా అనే ఏకకణ జీవి గుడ్డిపేగుల గోడను చీల్చుకుని బయటికి వస్తున్నప్పుడు కారే రక్తం అది. రక్తం కనిపించేటప్పటికే లోపల పేగు చితికిపోయి ఉంటుంది.

ఆంప్రోలియం 20 శాతం పొడి, లీటరు నీటికి 1.2 గ్రాములు, 3 నుంచి 5 రోజులు. వేరే నీళ్ళు ఏవీ అందుబాటులో ఉంచకండి. జబ్బు పిల్లలు మేత మానేస్తాయి కానీ నీళ్ళు తాగుతాయి, అందుకే మందు నీళ్ళలో. తర్వాత వారం, రెండు వారాలు లీటరుకు 0.3 గ్రాములు. ఈ రోజుల్లో బి-విటమిన్ల టానిక్ ఇవ్వద్దు. ఆంప్రోలియం పనిచేసేదే బి1 విటమిన్‌లా నటించి పరాన్నజీవిని పస్తు పెట్టడం ద్వారా. టానిక్ పోస్తే దాని ఆకలి మీరే తీర్చినట్టు.

గూటి నేల మీద పరిచిన పొట్టు గుప్పెడు తీసి పిండండి. వేళ్ళు తెరిచాక ముద్దగా నిలిస్తే తడి ఎక్కువ, విడిపోతే పరవాలేదు. రెట్టలోని ఊసిస్టులు, అంటే ఐమీరియా గుడ్ల లాంటివి, వెచ్చటి తడిలో ఒకటి రెండు రోజుల్లో అంటించే స్థితికి వస్తాయి. నీళ్ళ తొట్టి చుట్టూ మీటరు మేర పొట్టు ఇవాళే ఎత్తి, పొడిది వెయ్యండి. ఫినాయిలు, బ్లీచింగు వాటిని చంపవు.

మాచిపత్రి గురించి ఒక పొరపాటు సరిదిద్దాలి. ఐమీరియా మీద కొంత ప్రభావం చూపినది ఆర్టెమిసియా ఆన్యువా, అందులోని ఆర్టెమిసినిన్. మలేరియాకు ఆ మందు కనిపెట్టినందుకే తూ యూయూకు 2015లో నోబెల్ వచ్చింది. మలేరియా క్రిమీ ఐమీరియా దూరపు చుట్టాలు కాబట్టి కోళ్ళలోనూ ప్రయత్నించారు, రెట్టలో ఊసిస్టులు తగ్గాయి. మాచిపత్రి, దవనం అదే కుటుంబంలోని వేరే మొక్కలు. వాసన ఒకేలా ఉన్నంత మాత్రాన మందు ఒకటి కాదు. పసుపు పేగు వాపును కాస్త తగ్గించవచ్చు, అది కూడా జబ్బు రాకముందు నుంచి దాణాలో ఉంటేనే. వేపాకు ఎక్కువైతే పిల్లలు మేత తగ్గించి ఎదుగుదల పోగొట్టుకుంటాయి.

ప్రశ్న: పచ్చి ఆకు కొలతనే ఎండు పొడికి వాడొచ్చా? ఎన్నాళ్ళు నిలవ ఉంటుంది?

జవాబు: వాడకూడదు. పచ్చి ఆకులో మూడొంతులు నీరే. కిలో వేపాకు ఎండితే పావుకిలో దాకా వస్తుంది. 20 గ్రాముల పచ్చాకు అని చెప్పిన చోట 20 గ్రాముల పొడి వేస్తే నాలుగింతలు వేసినట్టు. చెంచాలతో కొలిచేవాళ్ళకు ఇంకో చిక్కుంది: మెత్తగా నూరిన పొడీ, బరకగా ఉన్నదీ ఒకే చెంచాలో ఒకే బరువు తూగవు. వంటింటి డిజిటల్ త్రాసు ఒకటి కోళ్ళకు కేటాయించండి.

నీడలో, పలచగా పరిచి, ఆకు చేతిలో పెళపెళా విరిగేదాకా ఆరబెట్టాలి. మెత్తగా వంగితే ఇంకా తడి ఉంది. ఆ తడితో డబ్బాలో పెడితే వారంలో బూజు. కోళ్ళ విషయంలో బూజు చిన్న సంగతి కాదు: అందులో పుట్టే అఫ్లాటాక్సిన్ అనే విషం కార్జాన్ని పాడుచేస్తుంది, మళ్ళీ ఎండబెట్టినా వేయించినా పోదు. బాతులకు, టర్కీలకు అది మరీ ప్రమాదం. నేల మీద రాలి నల్లబడ్డ వేపగింజల్లో ఈ బూజు ఎక్కువ, చెట్టు కింద గుడ్డ పరిచి రోజూ ఏరుకోండి. డబ్బా మీద మొక్క పేరు, ఎండిన తేదీ రాసి పెట్టుకోండి. వాసన మారితే తేదీ చూడకుండా పారెయ్యండి.

ప్రశ్న: ఆకుమందు పెట్టిన రోజుల్లో గుడ్లు తినొచ్చా? గుడ్డులో పురుగు కనిపించిందని పక్కింటివాళ్ళు భయపెడుతున్నారు.

జవాబు: బొప్పాయి గింజ, గుమ్మడి గింజలకు భయం లేదు. వెల్లుల్లి ఎక్కువైతే గుడ్డుకు వాసన పడుతుంది. మోదుగకైతే మందు పెట్టిన రోజుల గుడ్లు, తర్వాత వారం గుడ్లు పక్కన పెట్టండి. ఆల్బెండజోల్, ఆంప్రోలియం లాంటి వాటికి సీసా మీద రాసిన గడువే లెక్క. గుడ్లుపెట్టే కోళ్ళకు వాడవద్దని రాసి ఉంటే వాడవద్దు.

గుడ్డు తెల్లసొనలో ఏలికపాము కనిపించడం అరుదే కానీ జరుగుతుంది. రెట్టా గుడ్డూ బయటికి వచ్చే ద్వారం ఒకటే కావడంతో, పేగు నుంచి దారి తప్పిన పురుగు గుడ్డు వచ్చే గొట్టంలోకి ఎక్కి, పెంకు పడకముందే లోపల చిక్కుకుంటుంది. అది మనుషులకు అంటుకునే రకం కాదు. ఆ గుడ్డు పారేసి, ఆ పెట్టను గుర్తుపెట్టుకుని, మర్నాడు ఉదయం దాని రెట్ట పరీక్షకు పంపండి.